ఫిర్యాదుకి జతచేసిన ఫొటో

"పాపకి దగ్గు తగ్గట్లేదు. ఎదురుగా ఉన్న ఆ చెత్తగుట్టని ఫొటో తియ్యండి, ఫిర్యాదుతో పంపుదాం. మిట్టమధ్యాహ్నం దగ్గరికెళ్లి తియ్యండి, ఈగలతో సహా కనపడాలి," అంది భార్య.

ఆయన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. ఎలాంటి పెళ్లికొడుకునైనా అందగాడిలా చూపించడమే వృత్తి. మిట్టమధ్యాహ్నపు ఎండలో కెమెరా బయటికి తీయడానికి ఆయనకి మనసొప్పలేదు.

తెల్లవారుతుండగా డాబా ఎక్కి, దూరపు లెన్సు తగిలించి, షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాడు. కాలుతున్న చెత్త పొగ మేఘమైపోయింది. కాకులూ కుక్కలూ కదులుతూనే ఉండటంతో ఫొటోలో అసలు పడనేలేదు.

"ఇదేంటండీ, హనీమూన్‌కి వెళ్లే చోటులా ఉంది!" అని భార్య నెత్తి కొట్టుకునే సరికే ఆయన దాన్ని పంపేశాడు.

వారం తిరక్కుండా మున్సిపల్ అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ ఫొటోతో సహా దిగాడు.

"ఇంత చక్కటి కొండకి అడ్డంగా చెత్త పోయిస్తారా? బుద్ధుందా?" అని సిబ్బందిని చెడామడా తిట్టాడు. "మొత్తం ఎత్తించండి! కొండ కనపడాలి. ఇక్కడ పార్కు కడదాం."

ఫొటోగ్రాఫరు ఏదో చెప్పబోయాడు. భార్య కాలు తొక్కింది.

లారీలు నెలంతా తిరిగాయి. ఆఖరి లారీ వెళ్లాక అధికారి వచ్చి, చదునైన నేల మీద నిలబడి, ఫొటో వంకా ఎదుటి ఖాళీ వంకా మార్చి మార్చి చూశాడు.

"కొండేదమ్మా?"

ఆవిడ పాపని చంకలో సర్దుకుని, గుండెనిండా గాలి పీల్చుకుంది.

"అదేంటి సార్, మీ లారీలే కదా మోసుకెళ్లాయి!"