తోకచుక్కకు ముగ్గు

తెల్లవారుజామున తూర్పున తోకచుక్క లేచింది. నవాకా తోటలో కూలీలుండే గదుల లైను యావత్తూ గడగడలాడింది.

"నేల మీద పడతాదంట పంతులూ! మనమంతా బూడిదేనంట!" అన్నాడు మునియ్య.

గంగయ్య నవ్వాడు. నెల్లూరి సీమలో బడిపంతులుగా బతికినవాడు; ఏజెంటు తీపిమాటలు నమ్మి ఫిజీ చెరకుతోటల పాలయ్యాడు.

"పడదురా. కోటి మైళ్లకు అవతల దాని దారిన అది పోతోంది."

"ఆకాశం అంత పెద్దదా?"

"దాని అవతలి గట్టు చూసినవాడు లేడు. గట్టంటూ ఉందో లేదో శాస్త్రానికే తెలియదు."

"అదే తెలీనోడివి, ఇది పడదని ఎట్టా చెప్తావు?"

"సముద్రం లోతు తెలియకపోతే, మీద పోయే ఓడ కంటికి ఆనదా?"

మునియ్య నసిగి, లైను చివరి గది చూపించాడు.

"అయితే ఆ అంకమ్మకూ చెప్పు. చుక్కను శాంతించమని రోజూ ముగ్గేస్తా ఉంది, పాపం."

అంకమ్మ నవువా తోట నుంచి కొత్తగా వచ్చింది. బిడ్డను అక్కడే పూడ్చి వచ్చిందని చెప్పుకునేవారు. ఎవరితోనూ కలవదు. తెల్లారకముందే లేచి, ఉన్న రెండింటిలో మంచి చీర కట్టుకుని, వాకిలి ఊడ్చి, పొయ్యి బూడిదతో ముగ్గు పెడుతుంది.

గంగయ్య వెళ్లాడు.

"భయపడకు తల్లీ. అది మన మీద పడదు."

ముగ్గు మీద చెయ్యి ఆగిపోయింది.

"రవ్వంతైనా తగలదా?"

"రవ్వంత కూడా. పెద్దపెద్దవాళ్లు లెక్కకట్టి చెప్పారు."

ఆమె తూర్పుకేసి చాలాసేపు చూసింది.

"అంత పెద్ద ఆకాశంలో, పంతులయ్యా, ఈ లైను తప్ప మనిషి పోయేందుకు ఇంకో చోటే లేదా?"

గంగయ్య అబద్ధం ఆడలేదు.

"ఉందో లేదో ఎవరూ చెప్పలేరమ్మా."

"పోనీలే. నిజం చెప్పినావు."

చేతి బూడిద దులుపుకుని లోపలికి పోయింది. ఒక మనిషికి భయం తీర్చానన్న తృప్తితో గంగయ్య చెరకు కొట్టే కత్తి భుజాన వేసుకుని తోటకు నడిచాడు.

మర్నాడు కూలీలను పనికి తోలే సర్దారు రామ్ లాల్ అంకమ్మ తలుపు తన్నాడు.

"ఏ మద్రాజీ! ఉఠో! కామ్ పే చలో!"

గది ఖాళీ.

పొద్దెక్కాక ఆమెను తోట పక్క ఏట్లోంచి తీశారు. ఒంటి మీద ఆ మంచి చీరే ఉంది.

"ఎంత చెప్పినా నీ మాట నమ్మలేదు పంతులూ. చుక్క భయమే తీసకపోయింది" అన్నాడు మునియ్య.

గంగయ్య ఆమె వాకిట్లోకి నడిచాడు. సగంలో ఆగిన ముగ్గు ముందు నిలబడిపోయాడు.

రావద్దనుకున్నదాని కోసం ఎవరూ వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టరనీ, లైనంతా చూసి వణికిన ఆ చుక్క కోసం చుట్టానికి ఎదురుచూసినట్టు ఎదురుచూసినది ఆమె ఒక్కతేననీ అతనికి అప్పుడు తెలిసింది.