చదవని చార

తన ఎర్ర స్పోర్ట్స్ కారు వస్తే దాని వెనకే ఒక ముసలాయన కూడా వస్తాడని డాక్టరమ్మ ముందే చెప్పింది.

కార్లు కడిగే షెడ్డు యజమాని ఆ మాటకి నవ్వేశాడు. అతణ్ణి అందరూ తళతళ అంటారు. తను కడిగిన ఇంజనులో మొహం చూసుకుని ఒకాయన గడ్డం గీసుకున్నాడనీ, ఒక్క గాటు కూడా పడలేదనీ అతనే చెప్పుకుంటాడు. ఇప్పటిదాకా ఆ గడ్డం ఎవరిదో బయటపెట్టలేదు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఆరేళ్లుగా కారుని ఏ షెడ్డుకి తీసుకెళ్లినా ఆ ముసలాయన ప్రత్యక్షమవుతాడట. ఒక్క మాటా మాట్లాడడు. ఇంజను మూత ఎత్తేదాకా ఉంటాడు, లోపలికి తొంగి చూస్తాడు, పోతాడు. పోలీసుల్ని అడిగితే తొంగి చూడ్డం నేరం కిందికి రాదన్నారట.

"ఈసారి కనిపిస్తే లోపలికి రానివ్వకు అన్నా. నిద్రలోకి కూడా వచ్చేస్తున్నాడు," అని తాళం అతని చేతిలో పెట్టి ఆసుపత్రికి వెళ్లిపోయింది.

తళతళ మూత ఎత్తి, ఇంజను చల్లారేదాకా గంటసేపు ఆగాడు. బ్యాటరీ తీగ ఊడదీశాడు. తడి తగలకూడని పెట్టెలన్నిటికీ ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లు బిగించాడు. ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ కూడా ఇంత హడావుడి చెయ్యదనుకున్నాడు.

తలెత్తితే ఎదురుగా ముసలాయన.

గేటు కిర్రుమనలేదు. అడుగుల చప్పుడు లేదు. తళతళ వీపు మీద ఏదో చల్లగా పాకింది. కాళ్లున్నాయో లేవోనని ముందు కిందికే చూశాడు. ఉన్నాయి. రెండూ దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

ముసలాయన ఇంజనంతా ఒక చూపు చూశాడు. ఆ చూపు ఒకచోట ఆగిపోయింది.

"కడక్కు నాయనా," అన్నాడు.

తళతళకి ఒళ్లు మండింది. తొడిగిన సంచులు చూపించాడు, ఊడదీసిన తీగ చూపించాడు, తన పదహారేళ్ల పనితనం ఏకరువు పెట్టాడు.

"నువ్వు బాగా కడుగుతావు. అందుకే వద్దంటున్నా. ఆ పెట్రోలు గొట్టం అతుకు కింద చూడు. చుట్టూ దుమ్ము పొడిగా ఉంది, అక్కడొక్కచోటే చార తడిసి ఉంది. కారుతోంది, వాసన కూడా వస్తోంది. నువ్వు కడిగితే చార పోతుంది, కారడం పోదు. మెకానిక్కుని పిలువు, చార వాడి కంటపడనీ."

తళతళ వంగి చూశాడు. చార ఉన్నమాట నిజమే, వేలెడంత. కానీ అతని లెక్కలో మురికి కడగడానికే ఉంది, చదవడానికి కాదు. పెట్రోలు బండి దగ్గర పెట్రోలు వాసన రాక పన్నీటి వాసన వస్తుందా అని దెప్పాడు. ముసలాయన్ని భుజం పట్టుకుని గేటు దాటించి గొళ్లెం పెట్టేశాడు.

ముసలాయన పెనుగులాడలేదు. గేటు బయటే, ఎండలో నిలబడిపోయాడు.

తళతళ మెత్తటి బ్రష్షుతో రుద్దాడు, తడిగుడ్డతో తుడిచాడు, గాలి గొట్టంతో ఆరబెట్టాడు, నిమ్మ వాసనొచ్చే మెరుపు మందు కొట్టాడు, సంచులు తీసి బ్యాటరీ తీగ మళ్లీ తగిలించాడు. చార పోయింది. తలెత్తినప్పుడల్లా గేటు కమ్మీల మధ్య ఆ రెండు కళ్లు. అటు వీపు తిప్పుకుని పనిచేశాడు. వీపుకీ అవే గుచ్చుకున్నాయి.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి ఇంజను చూసి మురిసిపోయింది. ఆ తర్వాత గేటు వైపు చూసి, గబగబా కారెక్కింది.

తళతళ గేటు తీశాడు. కారు కదిలేసరికి ముసలాయన అడ్డంగా వచ్చి రెండు చేతులూ దాని మూత మీద ఆనించాడు. ఆమె హారన్ కొట్టింది. కదల్లేదు. మళ్లీ కొట్టింది. కదల్లేదు. ఆరేళ్లు అణచుకున్నదంతా ఒక్కసారి పొంగి, ఇంజను ఆపకుండానే దిగింది.

"ఏం కావాలి నీకు? నా వెంట ఎందుకు పడ్డావు?"

ముసలాయన గాలి వాసన చూశాడు. ఆమె మణికట్టు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చుకుపోయాడు. ఆమె కేక విని తళతళ ఉరికొచ్చాడు. ఆ చెయ్యి విడిపించి ముసలాయన్ని ఒక్క తోపు తోశాడు. ఆయన తల గేటు స్తంభానికి కొట్టుకుంది. అక్కడే కూలబడ్డాడు.

అప్పుడు వెనకాల భుగ్గుమంది.

మూత సందుల్లోంచి లేచిన మంట రెప్పపాటులో డ్రైవరు సీటు మీదికి పాకింది. తళతళ మంటలార్పే సిలిండర్లు రెండూ ఖాళీ చేసి, పొగలోంచి దగ్గుకుంటూ ఇవతలికి వచ్చాడు. డాక్టరమ్మ స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ముసలాయన నాడి పట్టుకుని ఉంది. చాలాసేపటికి గాని ఆ చెయ్యి వదల్లేదు. వదిలాక తళతళ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

కబురు అంది ఆమె తల్లి వచ్చింది. కూతుర్ని నిలువునా తడిమి చూసుకుంది. నిన్ను కాపాడిందెవరని అడిగితే కూతురు గుడ్డ కప్పి ఉన్న మనిషిని చూపించింది. తల్లి ఆ గుడ్డ తొలగించింది. తొలగించిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఈయన నీకు తెలుసామ్మా?"

తళతళ తన చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడ్డాడు. అవింకా నిమ్మ వాసన కొడుతూనే ఉన్నాయి.

"నువ్వు నా కడుపులో ఉండగా మీ నాన్న కారులోనే కాలిపోయారు కదా," అంది తల్లి, చాలా మెల్లగా. "ఆ పొద్దున ఆ కారుని అద్దంలా కడిగి, తాళం ఆయన చేతికిచ్చింది ఇతనే."