ఉడుత గూట్లో గబ్బిలం పిల్ల

మామిడితోపులో మసక అనే గబ్బిలం పిల్ల ఉండేది. పెద్ద చెవులని తోటివాళ్లు వెక్కిరిస్తుంటే ఒంటరిగా తిరిగేది. ఒకనాడు కరాళుడనే ముదురు గబ్బిలం దాన్ని చేరదీశాడు. "పళ్లు చప్పరించేవాళ్లంతా పిరికిపందలే. నెత్తురు తాగితే మనకు చావే లేదు," అన్నాడు. తనను చేరదీసిన మొదటివాడు కదా, మసక నమ్మేసి వాడి గుంపులో చేరింది.

ఒక సాయంత్రం గుంపు ఉడుత గూటి మీద పడింది. "ముందు నువ్వే కొరుకు," అన్నాడు కరాళుడు. మసక వంగింది. కళ్లింకా తెరవని ఉడుతపిల్ల అమ్మే వచ్చిందనుకుని దాని పొట్ట కిందికి దూరింది. మసక గుండె నీరైపోయింది. పిల్లను రెక్కలతో కప్పేసింది. గుంపు ఆ రెక్కల్ని చీల్చినా కదల్లేదు. ఇంతలో తల్లి ఉడుత కేకలకు కాకులు చేరి గుంపును తరిమాయి.

ఆ గోల విని మసక తల్లి ఎగిరొచ్చి గాయాలు నాకింది.

"అమ్మా, మొన్న గుంపు ఒక పావురాన్ని చంపినప్పుడు అది ఎగిరిపోకుండా కాళ్లు పట్టుకున్నది నేనే," అంది మసక.

తల్లి నాకడం ఆపింది. "ఆ మాట ఆ పావురం పిల్లలకు చెప్పాలి తల్లీ," అంది.

"అది విని అందరూ నన్ను తోపులోంచి వెళ్లగొడితే?"

"ఇద్దరం కలిసే వెళ్దాం."