గుమ్మానికి ముందే

"మేం పట్టుకున్నది మీ రైగోనే, టీచర్‌గారూ."

ఇన్‌స్పెక్టర్ ఊర్మెత్ ఆ మాట చెప్పి తల దించుకున్నాడు. హెల్వె టీచర్ పెట్టిన నల్ల రొట్టె, వెన్న అతని ముందు అలాగే ఉన్నాయి.

తార్తు నగరంలో అంబులెన్సులు పంపే కంప్యూటర్లను ఏదో వైరస్ స్తంభింపజేసింది. బండి ఆలస్యమై ఒక ముసలాయన ఇంట్లోనే ప్రాణం విడిచాడు. 'అది నా పనే' అని ఇంటర్నెట్‌లో గొప్పలు పోయాడు రైగో. హెల్వె దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ మధ్యలో మానేసినవాడు. ఆ మాటకొస్తే, తార్తు పోలీసుల్లో సగం మంది ఆమె శిష్యులే.

"మా ల్యాబ్‌వాళ్లకు అంతుచిక్కడం లేదు. మీరొక్కసారి చూడండి."

వైరస్ నకలున్న ల్యాప్‌టాప్‌ను వంటింటి బల్ల మీద పెట్టాడు.

ప్రోగ్రాంను అడుగడుగునా ఆపి చూపించే డీబగ్గర్‌ను హెల్వె తెరిచింది. ఏ ప్రోగ్రాంకైనా ఒక గుమ్మం ఉంటుంది. ఎంట్రీ పాయింట్. అక్కడ బ్రేక్‌పాయింట్ పెట్టింది. ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగిపోవాలి. ఆ తర్వాత ఒక్కో అడుగూ వేయించి గుట్టు లాగొచ్చు.

మీట నొక్కింది.

ఆగలేదు. తెర నల్లబడిపోయింది.

"మావాళ్లకీ ఇంతే అయింది," అన్నాడు ఊర్మెత్.

హెల్వె ముఖం పాలిపోయింది. "ఇది గుమ్మం దాకా రాకుండానే పని కానిచ్చేస్తోంది. సిస్టమ్ ప్రోగ్రాం కోసం ఇల్లు సర్దుతుండగానే దొడ్డిదారిన దూరింది."

ల్యాప్‌టాప్‌ను మళ్లీ దారికి తెచ్చి, ఈసారి గుమ్మానికి ముందే కాపు కాసింది. దొరికింది. చదువుతూంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ కిటుకు నేను నేర్పిందే. తెలివైనవాడని మురిసిపోయి, క్లాసయ్యాక కూర్చోబెట్టి మరీ నేర్పాను. ఆ ముసలాయన పాపం నాదే."

"అలా అనకండి. ఎవడో సరదాకి రాసుంటాడు. అది చెయ్యి దాటిపోతుందని వాడికి మాత్రం ఏం తెలుసు?"

"సరదాకే అనుకో. తర్వాతైనా చెప్పడానికి నోరు రాలేదా?"

ఊర్మెత్ రొట్టె పళ్లాన్ని పక్కకి జరిపాడు.

"రైగోని ఎన్నేళ్లు లోపలుంచుతారు?" అడిగింది హెల్వె.

"ఐదో, ఆరో."

"వాడికిది రాదు. నాలుగు వరసలు తప్పుల్లేకుండా రాయడానికే నా ప్రాణం తోడేసేవాడు. గొప్పలకి మాత్రం లోటు లేదు, వెధవకి."

"మరి... ఎవరికి నేర్పారు?"

"ఒక్కడికే."

ఊర్మెత్ జేబులోంచి పెన్ను తీశాడు.

"పేరు చెప్పండి, టీచర్. రాసుకుంటాను."

హెల్వె లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నీ పేరు రాసుకోవడానికి నన్నడగాలట్రా, ఊర్మెత్?"