చీమల వంతు

"నీ కొడుకు అంతోని పటాలంలో చేరి మూడు నెల్లయింది గదా అవ్వా. ఆయన వంతు చక్కెర ఎవరు తింటున్నారు?" రేషను గుమాస్తా మా కార్డు తిప్పుతూ అడిగాడు.

"చీమలు," అంది మా అత్త హన్నమ్మ.

నేను బిత్తరపోయాను. తొలకరి వానకు రెక్కలు రాల్చుకున్న తల్లిచీమను మా ఆయన పట్టుకొచ్చి, తడిమట్టి పోసిన సీసాలో వేసి, పెంచమని మా అమ్మాయి సలోమికి ఇచ్చి వెళ్లాడు. ఆ సీసా బయట పారేయమని రోజూ పోరేది అత్తే.

గుమాస్తా నవ్వాడు. "మనుషులకే దొరకట్లా, పురుగులకు పెడతావా? పేరు కొట్టేస్తున్నా. ఇంట్లో లేనోళ్లకు చక్కెర రాదు."

"లేడని ఎవరు చెప్పార్రా నీకు? ఉత్తరం రాలేదు, అంతే. వాడు మొదలుపెట్టిన పని ఈ ఇంట్లో నడుస్తానే ఉంది. మొన్న తొమ్మిది పిల్లచీమలు, ఇయ్యాళ పదమూడు."

ఆమె ఆ సీసా దగ్గరికి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

గుమాస్తా మా ఆయన పేరు మీద గీత కొట్టి కార్డు తిరిగిచ్చాడు. అత్త దాన్ని అందుకుని నాకిచ్చింది.

"ఏమే కృపమ్మా, నా పేరుందా ఇందులో?"

"ఉంది అత్తా."

"అయితే నా వంతు వాటికే. రేపటినించి నా కాఫీలో చక్కెర వెయ్యమాక." గుమాస్తా వైపు తిరిగింది. "నా పేరెట్టా కొట్టేస్తావో కొట్టెయ్."