లోపలి నుంచి జవాబు

అంతరిక్షానికి మనుషుల్ని మోసుకెళ్లే గదికి తలుపు బిగించి చూడటం ముప్పయ్యేళ్లుగా హెప్సిబా పని. బయట మూడుసార్లు తట్టాలి; లోపలి మనిషి రెండుసార్లు తిరిగి తడితేనే గడియలు వేయాలి. ఈసారి తలుపు సందులోంచి గాలి పోతోందని, ఒప్పుకోనని చెప్పింది. రిటైర్మెంట్ సభలో దండ వేస్తూ, ఆమె దగ్గర పని నేర్చుకున్న కిషోర్ ఆమె చెవిలో అన్నాడు: "మీరు సరేనన్నారని చెప్పేశామండి, మేడమ్."

సొంతూరు అడవులదీవి చేరిన తొలిరాత్రి కరెంటు పోయింది. కప్పలు కూడా ఊరుకున్నాయి. వీధి తలుపు మీద ఎవరో మూడుసార్లు తట్టారు.

"ఎవరండీ?"

మళ్లీ మూడు. వద్దనుకునేలోపే ఆమె చెయ్యి అలవాటుగా రెండుసార్లు తట్టింది.

"సరేనండి, మేడమ్," అంది బయట కిషోర్ గొంతు.

ఆ తలుపుకున్నది ఒకటే గడియ, అదీ లోపలివైపు. బయట గడియలు ఒక్కొక్కటే పడుతున్నాయి. అవి ఆగాక, సన్నగా గాలి పోతున్న చప్పుడు మొదలైంది.