మూడో మోటారు

"ఈ మూడో సర్వో మోటారు కూడా నాసిరకమే!" కంటి డాక్టరు విసుక్కున్నాడు. బల్ల మీది బొమ్మ యుద్ధనౌకలో, ఆ మోటారు తిప్పే ఫిరంగి ఒకచోట నిలవకుండా అటూ ఇటూ వణుకుతోంది.

"వైర్లు చూశారా?" అంది భార్య.

"వైర్లు, బ్యాటరీ అన్నీ మార్చాను. పొద్దున్నుంచీ దీంతోనే చస్తున్నా."

"రిమోట్ ఇలా ఇవ్వండి, నేను తిప్పుతా. మీరు లోపల చూడండి."

తటపటాయించి ఇచ్చాడు. ఆమె బొటనవేలితో మీట జరిపింది. ఫిరంగి మెత్తగా తిరిగి, గురి చూసినట్టు ఆగింది.

"బాగానే ఉందిగా!" అని నవ్వుతూ రిమోట్ ఆయన చేతికిచ్చింది.

ఫిరంగి మళ్లీ వణికింది.

ఈసారి ఆమె ఓడను చూడలేదు. మీట మీదున్న ఆయన బొటనవేలిని చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"లోపం మోటారుదే అనుకున్నా. అదే అయితే బాగుండుననుకున్నా" అన్నాడు.

"రేపు ఆపరేషన్లున్నాయి కదండీ."

"మాత్ర వేసుకుంటే రేపటికి వణుకు ఆగుతుందేమో."

"ఆగకపోతే?"

ఆయన రిమోట్ పక్కన పెట్టి, చేతులు రెండూ ఒళ్లో దాచుకున్నాడు.

"ఆస్పత్రికి నువ్వే ఫోన్ చెయ్యి. రేపు నేను చెయ్యనని చెప్పు, నేను చెప్పలేను."